తెర వెనక మీటరు

2022 మార్చిలో ‘మన ఊరు – మన బడి’ మొదలైనప్పుడు, సర్కారు బడికి ఏమేం కావాలో తెలంగాణ ప్రభుత్వం పన్నెండు అంశాలుగా రాసుకుంది. మరుగుదొడ్లు, తాగునీళ్లు, బల్లలు, ప్రహరీ గోడ, వంటగది, రంగులు, మరమ్మతులు అందులో ఉన్నాయి. వాటి మధ్యనే కరెంటు సౌకర్యం ఉంది, సుద్దముక్కతో రాసే ఆకుపచ్చ బోర్డులు ఉన్నాయి, డిజిటల్ విద్య ఉంది. గోడకు మంచి బోర్డు బిగించడం తాతల నాటి పని, బడికి వైరు లాగడం తండ్రుల నాటి పని, వేలితో తాకితే కదిలే తెర పెట్టడం ఇవాళ్టి పని. మూడూ ఒకే జాబితాలో చేరాయంటే మొదటి రెండూ అప్పటికింకా పూర్తి కాలేదన్నమాట. రాష్ట్రమంతటా 26,065 బడులు ఈ పథకం కిందికి వచ్చాయి. వాటిలో పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల బడుల సంగతి విడిగా ఎత్తుకోవడానికి కారణముంది. రామగుండం ఎన్టీపీసీ కరెంటు అప్పటికే దాదాపు నలభై ఏళ్లుగా దక్షిణాది రాష్ట్రాలకు పోతోంది. అంత కరెంటు పుట్టే గడ్డ మీద బడికి కరెంటు ఎప్పుడొచ్చింది, దాని వెనకే కరెంటు తినే తెర ఎట్లా వచ్చింది అన్నవి విడదీసి చెప్పుకోలేని సంగతులు.

ఆ తెరల కరెంటు వాడకం తగ్గించడం ఎట్లా అన్న మాట వచ్చినప్పుడల్లా జవాబును యంత్రంలోనే వెతుకుతాం. మంచి కంపెనీది కొనాలంటాం, ఎక్కువ స్టార్లున్నది కొనాలంటాం. అందులో కొంత నిజముంది. కానీ ఈ రెండు జిల్లాల్లో యాభై అరవై ఏళ్లుగా కరెంటు నడిచిన తీరు చూస్తే అంతకంటే బలమైన సంగతి ఒకటి తేలుతుంది. మీటరు ఎవరి కంటికి కనబడుతోంది, స్విచ్చి ఆపడం ఎవరి బాధ్యత అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేని చోట ఎంత మంచి యంత్రమైనా కరెంటును వృథా చేసింది. జవాబు ఉన్న చోట నాసిరకం యంత్రం కూడా అదుపులో ఉంది. ఇంకో మాట కూడా దీనికి కలపాలి. ఒక యంత్రంతో నేర్చుకున్న అలవాటు ఆ యంత్రం పోయినా పోదు, దాని తరవాత వచ్చిన యంత్రానికి అంటుకుంటుంది.

పాఠం చెప్పడానికి కరెంటుతో పనిలేని రోజులు ఈ ప్రాంతంలో చాలాకాలం సాగాయి. 1943లో ఆదిలాబాద్ కొండల్లోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైనప్పుడు పాఠమంటే నల్లబల్ల, గోండీ వాచకం, పంతులు గొంతు. 1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ చేపట్టినప్పుడు కూడా ప్రాథమిక బడికి ఇవ్వాలనుకున్నది రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, కొంత బోధన సామగ్రి. నల్లబల్ల ఖర్చు ఎంతో తెలియాలంటే సుద్దముక్కల డబ్బా మూత తీస్తే చాలు. 1986లో ఆదిలాబాద్‌కు ఆకాశవాణి కేంద్రం వచ్చింది. వైరు చేరని గూడేల్లో రేడియో సెల్లుల మీద నడిచేది. గొంతు సన్నబడుతుంటే ఖర్చు చెవికే తెలిసేది. సెల్లులు కొన్న మనిషే మీట తిప్పి ఆపేవాడు. వాడేవాడు, డబ్బు పెట్టేవాడు, ఆపేవాడు ఒక్కడే కావడం వల్ల రేడియో ఊరికే మోగుతూ ఉండిపోయే పరిస్థితి ఉండేది కాదు. దాని తరవాత బడిలోకి వచ్చిన ఏ పరికరానికీ ఈ పొందిక దక్కలేదు.

గోదావరి ఒడ్డున మాత్రం అదే కాలంలో కరెంటు కొండలా పెరుగుతోంది. రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం 1971లో మొదలైంది. అక్కడే ఎన్టీపీసీ కేంద్రానికి 1978 నవంబరులో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయి పునాదిరాయి వేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ తిరిగింది, క్రమంగా ఆ కేంద్రం మూడు 200లు, నాలుగు 500లతో 2,600 మెగావాట్లయింది. ఆదిలాబాద్ వైపు జైపూర్‌లో సింగరేణి సంస్థ కట్టిన 1,200 మెగావాట్ల కేంద్రం 2016లో తోడైంది. రామగుండంలోనే ఎన్టీపీసీ మరో రెండు 800 మెగావాట్ల యూనిట్లను 2023, 2024 సంవత్సరాల్లో జాతికి అంకితం చేశారు. పాత 62.5 కేంద్రం 2024లో మూతపడింది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గే వీటికి మూలం. ఇంత దగ్గరగా ఉన్నా, బొగ్గుకూ స్విచ్చికీ ఉన్న సంబంధం మాత్రం ఇక్కడి వాళ్లకు మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఏమీ కనబడదు. పొగగొట్టం నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికైనా కరెంటు గ్రిడ్ తిరిగి, సబ్‌స్టేషన్ దాటి, ట్రాన్స్‌ఫార్మరు దిగి, స్తంభం మీదుగానే రావాలి. బడికి తెలిసేది స్తంభం వరకే.

ఆ సంబంధాన్ని కళ్లెదుట నిలబెట్టిన ఒక ప్రయత్నం మాత్రం ఈ ప్రాంతంలోనే జరిగింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినప్పుడు, ఊళ్లకు కరెంటు ఇచ్చే పనిని ఊరి వాళ్ల సహకార సంఘాలకే అప్పజెప్పి చూడాలని దేశంలో ఐదు చోట్లు ఎంచుకున్నారు. గుజరాత్‌లో కొడినార్, కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా–ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. ఐదోది సిరిసిల్ల. అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల అనుభవం దీనికి నమూనా. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట ‘సెస్’, 1970లో పని మొదలుపెట్టింది. అప్పటికి కిరోసిన్ దీపాల వెలుగులో ఉన్న తాలూకాలో రైతు, నేతగాడు వాటా సొమ్ము కట్టి సభ్యులయ్యారు. కరెంటు వాడేవాళ్లే సంఘం సొంతదారులు, వాళ్లు ఎన్నుకున్న పాలకవర్గమే దాన్ని నడుపుతుంది. సంఘం కరెంటు పుట్టించదు, పెద్దమొత్తంలో కొని పంచుతుంది. కొనే చోట ఒక మీటరు, అమ్మే చోట వేల మీటర్లు. రెండింటి మధ్య తేడా ఎంతో, అది వైర్లలో పోయిందో, కొక్కేలు వేసి లాగేసుకుంటే పోయిందో సంఘం సమావేశంలో అడిగే హక్కు సభ్యుడికి ఉంది. సిరిసిల్ల మరమగ్గాల పట్టణంగా పెరగడానికి ఈ కరెంటు ఒక ప్రధాన కారణం. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది, ఊరికే తిరిగితే బిల్లు పెరుగుతుంది. సంఘం రాజకీయాలు, బకాయిల తగాదాలు, సబ్సిడీ లెక్కల చిక్కులు అన్నీ నిజమే. అయినా యాభై ఏళ్లు దాటి ఆ సంఘం నిలబడింది. కరెంటును ‘ఎవరిదో’ అనుకోకుండా ‘మాది’ అనుకునే ఏర్పాటు మన జిల్లాలో సాధ్యమేనని దానివల్ల రుజువైంది. బడికి తెర వచ్చిన వేళ గుర్తు చేసుకోవలసిన మొదటి సాక్ష్యం ఇది.

రెండో సాక్ష్యం వ్యవసాయ బావి దగ్గర ఉంది, అది దీనికి పూర్తిగా ఎదురు. 1980ల మొదట్లో ఉమ్మడి రాష్ట్రం పంపుసెట్లకు మీటర్లు తీసేసి హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింతని వసూలు చేసే పద్ధతికి మారింది. 2004 మేలో ఉచిత కరెంటు వచ్చింది. కరువు జిల్లాల రైతుకు అది ఊపిరి పోసింది, అందులో సందేహం లేదు. కానీ మీటరు పోవడంతో ఒక మోటరు ఏడాదికి ఎన్ని యూనిట్లు తాగుతోందో రైతుకూ తెలియదు, కరెంటోళ్లకూ కచ్చితంగా తెలియదు, అంతా అంచనాయే. కరెంటు రోజుకు కొన్ని గంటలు, అదీ విడతలుగా, తరచు అర్ధరాత్రి వచ్చేది. చీకట్లో బావి కాడికి పోయి పాము కాటుకో షాకుకో బలైన రైతులు ఎందరో. ఆ బాధ తప్పించుకోవడానికి వచ్చిందే ఆటో స్టార్టరు. డబ్బాలో చిన్న అమరిక, త్రీఫేజు రాగానే మోటరు దానంతటదే నడుస్తుంది. రైతు ఇంట్లో పడుకోవచ్చు. కరెంటు కరువైన రోజుల్లో అది తెలివైన పనే. ఊరంతా ఆటో స్టార్టర్లే అయ్యేసరికి కరెంటు వచ్చిన క్షణాన అన్ని మోటర్లూ ఒక్కసారే లేవడం, ఆ దెబ్బకు ట్రాన్స్‌ఫార్మరు కాలడం కూడా మామూలైంది.

తరవాత పరిస్థితి మారింది. 2017 జూలైలో పాత కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాల్లో వ్యవసాయానికి 24 గంటల కరెంటును ప్రయోగంగా మొదలుపెట్టారు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా ఇచ్చారు. విడతల కరెంటు పోయింది కానీ ఆటో స్టార్టరు పోలేదు. కరువు కోసం పెట్టుకున్న అమరిక సమృద్ధిలో కూడా అట్లాగే పనిచేసింది. మడి నిండినా మోటరు నడుస్తూనే ఉంది, బోరులో నీళ్లు అడుగంటుతున్నా నడుస్తూనే ఉంది. ఆటో స్టార్టర్లు తీసేయండని అధికారులు ఊరూరా తిరిగి బతిమాలవలసి వచ్చింది. ఇక్కడ తప్పు మోటరుది కాదు, రైతు సోమరి కావడం వల్లా కాదు. పాత ఇబ్బందికి పుట్టిన అలవాటుకు కొత్త రోజుల్లో పగ్గం వేసే మనిషి లేడు, చూసుకోవడానికి మీటరు లేదు.

ఇక తెరల దగ్గరికి వద్దాం. ఉపగ్రహం ద్వారా పాఠాలు చూపే ‘సైట్’ ప్రయోగం 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో సాగింది. తెర ముందు పాఠం మనకు అప్పటి నుంచీ ఎరుకే. 2008లో బాసరలో రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ప్రతి విద్యార్థికీ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పడం పద్ధతిగా పెట్టుకున్నారు. అరవైమంది తరగతిలో అరవై ల్యాప్‌టాప్‌లు ఒక్కొక్కటి నలభై వాట్లు తీసుకుంటే 2,400 వాట్లు. ఆ లెక్కన గోడమీద అందరికీ కలిపి ఒక్క తెర పెట్టడం కరెంటు పరంగా పొదుపే, ఈ సంగతి తెరను విమర్శించేవాళ్లు ఒప్పుకోవాలి. 2016 నవంబరు 16న తెలంగాణ ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి, వాటిలో ప్రొజెక్టరు ముఖ్య సాధనం. కొవిడ్ ఏడాది, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ల ద్వారా పాఠాలు ఇళ్లకే వెళ్లాయి. ఆ తరవాత 2023లో ఉన్నత పాఠశాలల్లో పైతరగతుల గోడలకు తాకే తెరలు, అందరూ ఐఎఫ్‌పీలని పిలిచే ప్యానెళ్లు బిగించారు.

ప్రొజెక్టరును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇప్పటి అలవాటు అక్కడ పుట్టింది. దాని లోపల రెండు మూడు వందల వాట్ల దీపం ఉంటుంది, కొన్ని వేల గంటలే దాని ఆయుష్షు. పాఠం అయిపోగానే గోడ స్విచ్చి ఆపేస్తే ఫ్యాను కూడా ఆగి, వేడెక్కిన దీపం పగిలే ప్రమాదం. అందుకని శిక్షణలో మొదట చెప్పే మాట: రిమోటుతో ఆపండి, ఫ్యాను ఆగేదాకా మెయిన్ ముట్టుకోకండి. పీరియడు గంట కొట్టాక ఫ్యాను ఆగేదాకా నిలబడే తీరిక ఏ సారుకుంటుంది? మెయిన్ అట్లాగే ఉండిపోయేది. ఆ యంత్రానికి అది సరైన జాగ్రత్తే. ఇప్పుడు గోడమీద ఉన్నది ఎల్‌ఈడీ తెర, దీపం చల్లారే దాకా ఆగవలసిన పని దానికి లేదు. కానీ ‘మెయిన్ ముట్టుకోకండి’ అన్న మాట తెరకు కూడా అంటుకుంది. ఆటో స్టార్టరు కథే ఇక్కడ మళ్లీ నడుస్తోంది.

ఈ తెర అసలు కరెంటు ఎక్కడ తింటుంది? 75 అంగుళాల ప్యానెల్ వాడుకలో ఉన్నప్పుడు, వెలుగు ఎంత పెట్టామన్న దాన్నిబట్టి, సుమారు 150 నుంచి 300 వాట్లు తీసుకుంటుంది. అందులో పెద్దవాటా బొమ్మ వెనక వెలిగే దీపాలది, అంటే బ్యాక్‌లైటుది. మిగిలింది లోపలి ఆండ్రాయిడ్ బోర్డు, స్పీకర్లు, వెనక జేబులో దూర్చే చిన్న కంప్యూటరు తీసుకుంటాయి. దీనివల్ల మూడు సంగతులు తెలుస్తాయి, మూడూ టీచర్లకు ఎవరూ చెప్పనివే. నల్లని పేజీ పెట్టి వదిలేస్తే కరెంటు మిగలదు, బొమ్మ నల్లబడినా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. స్క్రీన్‌సేవరు కూడా అంతే. వెలుగు తగ్గిస్తే మాత్రం నిజంగా మిగులుతుంది: బ్యాక్‌లైటును సగానికి దించితే మొత్తం వాడకం దగ్గరదగ్గర మూడోవంతు తగ్గుతుంది. పూర్తి వెలుగు చూపరుల కళ్లు చెదరడానికి పనికొస్తుంది కానీ గదిలో కిటికీ రెక్క మూసి చూసే పిల్లలకు అక్కర్లేదు, పైపెచ్చు కళ్లు గుంజుతాయి. మూడోది నిద్ర సంగతి. రిమోటుతో ఆపాక తెర కింద ఎర్రచుక్క వెలుగుతుంటుంది. యంత్రం నిజంగా పడుకుంటే అది అర వాటు మాత్రమే, ఏడాది పొడుగునా ఉన్నా నాలుగైదు యూనిట్లకు మించదు. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ పెట్టిన ‘ఒక వాటు’ లక్ష్యం, 2013 నుంచి యూరప్ చట్టం విధించిన అర వాటు పరిమితి తెచ్చిన మేలు ఇది. కానీ ‘త్వరగా మేలుకోవాలి’ అన్న సెట్టింగు పెట్టి ఉంటే, లేదా నెట్‌వర్కు కోసం లోపలి బోర్డు మేలుకొనే ఉంటే, అది పది పదిహేను వాట్లవుతుంది. బడి లేని గంటలన్నిటికీ లెక్కేస్తే ఏడాదికి సుమారు డెబ్బై ఐదు నుంచి నూటపది యూనిట్లవుతుంది. తెర మీద బొమ్మ లేదు, పాఠం లేదు, చూసేవాళ్లు లేరు.

లెక్క ఇంకొంచెం ముందుకు తీసుకెళ్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. 200 వాట్ల ప్యానెల్ రోజంతా, అంటే ఆరు గంటలు వెలిగితే ఏడాదికి 264 యూనిట్లు. రెండు పీరియడ్లకే, అంటే గంటన్నరే వెలిగితే 66. తేడా 198. మూడు ప్యానెళ్లున్న బడిలో దాదాపు ఆరు వందల యూనిట్లు. థర్మల్ కేంద్రంలో ఒక్కో యూనిట్‌కు ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గు కాలుతుంది. అంటే ఒక్క బడి ఊరికే వెలిగించిన తెరల కింద నాలుగు క్వింటాళ్ల బొగ్గు పోయింది. గోదావరిఖనిలో ఆ బొగ్గు తవ్విన కార్మికుడి పిల్లలు చదివే బడే అది కావచ్చు.

బడుల వెంటే సమావేశ మందిరాల సంగతి కూడా చూడాలి. 2016 అక్టోబరు 11న కరీంనగర్ ప్రధానంగా కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్లగా, ఆదిలాబాద్ నాలుగు జిల్లాలుగా విడిపోయాక ఒక్కో కొత్త జిల్లాకూ ఒక్కో సమీకృత కలెక్టరేటు లేచింది. సిరిసిల్లలో 2021 జూలైలో, పెద్దపల్లిలో 2022 ఆగస్టులో, జగిత్యాలలో 2022 డిసెంబరులో, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లలో 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి, హైదరాబాదు నుంచి వీడియో కాన్ఫరెన్సులు, శాఖల సమీక్షలు ఈ మందిరాల్లోనే. ఇక్కడ తెర ఖర్చు బడిలో కంటే బరువు. మూసిన ఏసీ గదిలో తెర తిన్న ప్రతి వాటూ చివరికి వేడవుతుంది, ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ దానిలో మూడోవంతు కరెంటు అదనంగా తీసుకుంటుంది. సమీక్ష మొదలు కావడానికి గంట ముందు తెర వేసి, అయిపోయాక ఎవరు ఆపాలో తెలియక వదిలేస్తే, తెరా ఏసీ ఒకదాన్నొకటి పోషించుకుంటూ కూర్చుంటాయి. ఏసీ లేని తరగతిలో ఆ వేడి పిల్లల మీదే ఉంటుంది: 200 వాట్ల తెర ఇద్దరు మనుషుల ఒంటివేడితో సమానం.

ఇదంతా చిల్లర లెక్క కాదా అన్నది మొదటి ఆక్షేపణ. కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో, భూగర్భంలో కట్టిన గాయత్రి పంపుహౌసులో ఒక్కో పంపు 139 మెగావాట్లు, అట్లాంటివి ఏడు. ఒక్క పంపు తిరిగితే ఆ కరెంటుతో దాదాపు ఏడు లక్షల ప్యానెళ్లు వెలుగుతాయి. అట్లాంటి చోట బడిలో 200 వాట్ల గురించి మాట్లాడటం ఎందుకని అడుగుతారు. లెక్క నిజమే, ముగింపు మాత్రం సరికాదు. పోల్చవలసింది పంపుహౌసుతో కాదు, ఆ బడికి ఉన్న మిగతా వాడకంతో. ఎల్‌ఈడీ దీపాలు, 75 వాట్ల పాత ఫ్యాన్లు, నీళ్ల మోటరు ఉన్న పల్లె బడిలో మూడు ప్యానెళ్లు చిన్న బరువేం కాదు. ‘మన ఊరు – మన బడి’ కింద కొన్ని బడుల పైకప్పుల మీద సౌర పలకలు కూడా పెట్టారు. రెండు కిలోవాట్ల పలకలు మంచి ఎండలో రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా ఇస్తాయి. మూడు ప్యానెళ్లు రోజంతా వెలిగితే అందులో దగ్గరదగ్గర సగం అవే మింగుతాయి. ఫ్యాన్లు ముందు మార్చాలి కదా అంటారు. మార్చాలి, ముప్పై వాట్ల లోపు ఫ్యాన్లు మార్కెట్లో ఉన్నాయి. అయితే ఫ్యాను మార్చడానికి డబ్బు కావాలి, తెర ఆపడానికి అక్కర్లేదు.

రెండో ఆక్షేపణ బలమైనది. 2024 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ఇస్తామని ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క ప్రకటించారు. ఇక బిల్లే లేనప్పుడు పొదుపెందుకు? ఈ నిర్ణయం మంచిదే. అంతకుముందు హెడ్మాస్టరు బడి గ్రాంటులోంచే కరెంటు బిల్లు కట్టాల్సి వచ్చేది. సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం పిల్లల సంఖ్యను బట్టి ఏడాదికి లక్ష దాకా వచ్చే ఆ డబ్బులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, మరమ్మతులు అన్నీ. బిల్లుకు భయపడి తెరను గుడ్డకప్పి ఉంచడం పిల్లలకు చేసే అన్యాయమే. ఉచితం ఆ భయాన్ని తీసేసింది. కానీ బావి దగ్గర జరిగిందేమిటో మనకు తెలుసు. రైతుకు చెడు చేసింది ఉచితం కాదు, ఉచితంతోపాటు మీటరు మాయం కావడం. బడి కట్టకపోయినా ఆ యూనిట్ల డబ్బు ప్రభుత్వం పంపిణీ సంస్థకు కట్టాలి, కట్టకపోతే సంస్థ అప్పులో కూరుకుపోతుంది. బిల్లు బడికి రాకపోయినా రీడింగు బడికి రావాలి. ఎన్ని యూనిట్లు కాలాయో నెలనెలా హెడ్మాస్టరు గదిలో కనబడాలి. కట్టేవాడికీ వాడేవాడికీ మధ్య ఆ ఒక్క కాగితం కూడా తెగిపోతే, సిరిసిల్ల నేర్పిన పాఠాన్ని వదిలి బావి దగ్గర చేసిన తప్పునే బడిలోకి తెచ్చుకున్నట్టవుతుంది.

మూడో మాట టీచర్లది, దాన్ని గౌరవంగా వినాలి. పీరియడు నలభై ఐదు నిమిషాలు. తెర వేయడానికి, ఆపడానికి అయ్యే రెండు నిమిషాలు పాఠంలోంచే పోతాయి. మళ్లీ మళ్లీ వేసి ఆపితే ఖరీదైన యంత్రం చెడిపోతే ఎవరు జవాబుదారీ? చెడుతుందన్న భయంలో కొంత నిజముంది: లోపల కంప్యూటరు నడుస్తుండగా గోడ స్విచ్చి టక్కున ఆపితే పాడయ్యే అవకాశం ఉంది. అందుకే క్రమం ముఖ్యం. పీరియడ్ల మధ్య రిమోటుతో నిద్రపుచ్చడం చాలు. సాయంత్రం చివరి పీరియడు తరవాత రిమోటుతో ఆపి, ఎర్రచుక్క వచ్చాక గోడ స్విచ్చి ఆపాలి. ఇది సారు మీద పెట్టే భారం కాదు, తరగతిలో వంతులవారీగా ఇద్దరు పిల్లలకు అప్పజెప్పగల పని. బోర్డు తుడవడం అట్లాగే జరిగేది. ఆటోమేటిక్ సెన్సర్లు వచ్చాయి కదా, ఎవరూ లేకపోతే అదే ఆగిపోతుంది కదా అనేవాళ్లున్నారు. వచ్చాయి, చాలా ప్యానెళ్లలో గది వెలుతురును బట్టి కాంతి సర్దుకునే ఏర్పాటు, కొన్ని నిమిషాలు ఎవరూ తాకకపోతే నిద్రపోయే ఏర్పాటు ఉన్నాయి. అవి ఉన్నట్టు సెట్టింగుల మెనూ తెరిచిన వాళ్లకే తెలుసు. బిగించిన రోజే ఆ రెండింటినీ పెట్టి, ‘త్వరగా మేలుకోవడం’ తీసేసి, అట్లా చేసినట్టు హెడ్మాస్టరు సంతకం తీసుకున్నాకే పని పూర్తయినట్టు లెక్క అని టెండరులో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఇది కొనే శాఖ చేతిలో ఉన్న పని, బడి చేతిలో లేదు. తరగతి గది పక్కన తెరల వైర్లన్నిటికీ కలిపి ఒక చిన్న మీటరు కూడా అదే టెండరులో చేర్చవచ్చు.

ఈ మీటరు ఉంటే తెలిసే సంగతి ఒకటి ఈ ప్రాంతానికి మరీ ముఖ్యం. ఏప్రిల్ ఆఖరి వారంలో బడులు మూసి జూన్ 12న తెరుస్తారు. ఆ మధ్య మే నెలలో, జూన్ తొలి రోజుల్లో ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల మీద గాలిదుమ్ములు, ఉరుములు, పిడుగులు. పిడుగు దగ్గర్లో పడితే వైరు వెంట వచ్చే ఒక్క దెబ్బకు ప్లగ్గులో ఉన్న ప్యానెల్ బోర్డు పోతుంది. సెలవుల్లో ప్లగ్గు తీయడం కరెంటు కోసమే కాదు, తెర బతకడం కోసం కూడా. బడి మూసే రోజు ప్లగ్గులు తీసి, మీటరు రీడింగు రిజిస్టరులో రాసి, జూన్ 12 పొద్దున మళ్లీ చూసి రాస్తే, రెండు అంకెలూ ఒక్కటే ఉండాలి. తేడా ఉంటే ఏ గదిలో ప్లగ్గు మిగిలిపోయిందో ఆ పూటే వెతికి పట్టుకోవచ్చు.